క్లచ్ డ్రమ్ము విప్పేముందు

బుజ్జమ్మా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "బీటెక్ చదివించింది ఆ బుల్లి రేసుబండ్లు, గో-కార్టులకి గ్రీజు రాయడానికా అన్నయ్యా? చిన్నప్పట్నుంచీ నువ్వే దాని బుర్ర పాడుచేశావు" అని అరగంట తిట్టింది. నేనేమీ మాట్లాడలేదు. పెట్టేశాక మీ అత్తయ్యతో "మన బుజ్జి పదమూడేళ్ళ పిల్లాడి కార్టుకి మెకానిక్ అట, మొదటి రేసు కోయంబత్తూరు కారీ స్పీడ్‌వేలో అట" అన్నాను. పది నిమిషాలాగి మళ్ళీ అదే చెప్పాను. "విన్నానండీ" అంది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

ముందు జుట్టు సంగతి. జడ బిగించి చొక్కాలోకి దోపుకో. చున్నీ వద్దు, మెడలో ఐడీ కార్డు తాడు కూడా వద్దు. స్టాండు మీద ఇంజను తిరుగుతుంటే చైను దగ్గరికి చెయ్యి పోనివ్వకు. గుడ్డ పెట్టి తుడుద్దామని అసలు అనుకోకు. చైను గుడ్డని లాక్కుంటుంది, గుడ్డ వెనకాలే నీ చెయ్యి పోతుంది. నా ఎడమచేతి చిటికెన వేలు ఏమైందని చిన్నప్పుడు అడిగితే ఎలుక కొరికిందని చెప్పాను. మూడు నెలలు మంచం పక్కన ఎలుకబోను పెట్టుకుని పడుకున్నావు. ఎలుక కాదమ్మా, కార్టు చైను. ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవడం కూడా మర్చిపోకు. ఫోన్లో నేను ప్రతి మాటకీ "ఆఁ?" అనేది ముసలితనం వల్ల కాదు.

ఇక ఇంజను. మీది రోటాక్స్ మ్యాక్స్, 125 సీసీ, సీలు వేసింది. సిలిండరు విప్పాలంటే సీలు వేసే హక్కున్న సర్వీస్ సెంటరుకే పోవాలి. బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పుతూ పెరిగినవాణ్ణి, మొదటిసారి ఆ సీలు చూసి నవ్వాను, విప్పకుండా ట్యూనింగేంటని. నీ చేతికి మిగిలేవి కార్బురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు, ప్లగ్గు, చైను ఎక్కే పళ్ళచక్రం అదే స్ప్రాకెట్, చైను, క్లచ్. ఆ నాలుగైదింటితోనే నాకు ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

జెట్టు సంగతి నీకు తెలుసు. పొద్దున్న చల్లగాలి చిక్కగా ఉంటుంది, పెద్ద జెట్టు వెయ్యాలి. మధ్యాహ్నం ఎండెక్కితే చిన్నది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తు. అక్కడ బాగా లాగిందని అదే జెట్టుతో చెన్నైలో దిగావంటే పిస్టన్ పట్టేస్తుంది. అనుమానంగా ఉంటే పెద్దదే వెయ్యి, కొంచెం టైము పోయినా ఇంజను మిగులుతుంది. పెట్రోల్లో కలిపే ఆయిలు 50కి 1, అంటే 5 లీటర్లకి 100 మిల్లీలీటర్లు. కొలగ్లాసుతో పొయ్యి, కంటి అంచనాతో కాదు.

క్లచ్ గురించి మాత్రం కొంచెం కూర్చుని చదువు.

ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపూ క్లచ్ లోపలి షూలు ముడుచుకుని ఉంటాయి. వేగం పెరిగితే బయటికి తన్నుకొచ్చి చుట్టూ ఉన్న డ్రమ్ముని పట్టుకుంటాయి, కార్టు కదులుతుంది. డ్రైవరు లేని ఖాళీ కార్టు 4000 ఆర్పీఎం లోపే కదలాలని రూలు. ఎందుకంటే టూ స్ట్రోక్ ఇంజనుకి కింద బలం ఉండదు, ఉన్నదంతా పైనే. క్లచ్ ఆలస్యంగా పట్టినా కొంచెం జారినా ఇంజను పైకి లేచి, బలమున్న చోట పట్టుకుంటుంది. అది అందరికీ తెలుసు కాబట్టే రూలు పెట్టారు. డ్రమ్ము లోపల గ్రీజు జాడ కనపడకూడదనేదీ అందుకే.

2008లో నా దగ్గరో పిల్లాడుండేవాడు, పద్నాలుగేళ్ళు. వాళ్ళ నాన్నకి తిరుప్పూరులో చిన్న బనియన్ల యూనిట్. మలుపు దాటి బయటికొచ్చేటప్పుడు మా కార్టు ఇసుకలో నడిచినట్టు కదిలేది. పక్కవాళ్ళు కళ్ళముందే రెండు కార్టుల దూరం లాగేసేవాళ్ళు. జెట్టు మార్చాను, స్ప్రాకెట్ మార్చాను, లాభం లేదు. డ్రమ్ము లోపల నీడిల్ బేరింగు ఉంటుంది కదా, దానికి ఆవగింజంత గ్రీజు చాలు. ఫైనల్ ముందు రాత్రి షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని రేగిపండంత పెట్టాను. ఆ గ్రీజు డ్రమ్ములోకి పాకకుండా రెండు రబ్బరు ఓ-రింగులు ఉంటాయి, వాటిలో ఒకటి చిరిగి ఉంది. కొత్తది డబ్బాలోనే ఉంది. పాతదే వేశాను. బేరింగుకి మంచిదేలే అని నాకు నేనే చెప్పుకుని, చేతులు కడుక్కుని, వెళ్ళి పడుకున్నాను.

పిల్లాడు మూడో స్థానంలో వచ్చాడు. వాళ్ళ నాన్న మైసూర్‌పాక్ డబ్బా తెచ్చాడు. ఈలోగా కార్టులు రూలు ప్రకారం ఉన్నాయో లేదో చూసే స్క్రూటినీ ఆయన మొదటి ముగ్గురి క్లచ్చులూ విప్పమన్నాడు. మా డ్రమ్ము నీలంగా కమిలిపోయి ఉంది. చల్లారేదాకా నిలబడ్డాం. ఆయన ఒక తెల్లగుడ్డ లోపల తిప్పి తీసి, ఎండలో పట్టుకుని, నాకేసి చూశాడు. ఒక్క మాట అనలేదు. కాగితం మీద రాసుకున్నాడు. మమ్మల్ని ఫలితాల్లోంచి తీసేశారు.

పిల్లాడు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. "అణ్ణా, మనం చీటింగ్ చేశామా?" అన్నాడు. "లేదురా, ఓ-రింగు చిరిగింది" అన్నాను. నిజమే కదా, చిరిగింది! వాడు నమ్మాడు. నమ్మి, కార్టులు నిలిపే పాడక్ అంతా తిరిగి, మా అణ్ణ అలాంటివాడు కాదని పెద్దపిల్లలతో కలబడి చొక్కా చించుకున్నాడు. మైసూర్‌పాక్ డబ్బా ఎవరూ విప్పలేదు. ఆ సీజను తర్వాత వాడు మళ్ళీ ట్రాకుకి రాలేదు.

మర్నాడు కార్టుని స్టాండెక్కించి చైను తీసేశాను. వెనక యాక్సిల్ చేత్తో తిప్పితే ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు ప్యాడ్ ఒకటి డిస్కుని రాసుకుంటోంది. అయిదు నిమిషాల్లో అయిపోయే పని అది. నేనేమో మూడు వారాలు ఇంజను చుట్టూ తిరిగాను. ఈ సంగతి మీ అత్తయ్యకి కూడా తెలియదు.

కాబట్టి కార్టు లాగడం లేదంటే ముందు చైను తీసి యాక్సిల్ తిప్పి చూడు. తర్వాత బ్రేకు, చైను బిగువు, స్ప్రాకెట్ వరస చూడు. క్లచ్ విప్పిన ప్రతిసారీ రెండు ఓ-రింగులూ కొత్తవి వెయ్యి, డబ్బులకి చూడకు. డ్రమ్ము లోపల పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని నువ్వే ఎండలో పట్టుకుని చూసుకో. ఈ ఏడాది రూలుబుక్కు ప్రింట్ తీసి పెట్టెలో ఉంచు, నా మాట మీద ఆధారపడకు. నంబర్లు మారుతుంటాయి. పిల్లాడి తండ్రి పక్కకి పిలిచి "కొంచెం ఏదైనా చెయ్యమ్మా" అంటాడు. అనకుండా ఉండడు. టెన్షన్ పడకుండా ఆ పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టు.

పొద్దున్న ఏమీ తినకుండా ట్రాకుకి పరిగెత్తకు. నీకు ఆ పాడు అలవాటు మీ అమ్మ దగ్గర్నుంచే వచ్చింది. అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి. నీ చేతులకి గ్రీజు అంటితే ఆవిడకి బాధ, నాకైతే ఏం చెప్పను, మీ తాతయ్య ఉండుంటే బావుండేదనిపించింది.

నా వెర్నియరు, స్ప్రాకెట్ల పెట్టె బస్సు పార్సిల్లో వేశాను. సాయంత్రానికి అందుతుంది. 82 పళ్ళది కొంచెం వంగింది, పారేయబుద్ధి కాక పంపుతున్నాను. దాన్ని కట్టకు.

మీ మావయ్య