కొంగల చెట్టు కొట్టొద్దు, కోళ్ల నీళ్లు మార్చండి

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలం. పెరట్లో 18 నాటుకోళ్లున్నాయి. ఇంటి వెనక చింతచెట్టు మీద కొంగలు, నీటికాకులు గూళ్లు పెట్టాయి. పక్కనే చెరువు. మొన్న పెరట్లో రెండు కాకులు చచ్చిపడ్డాయి. బర్డ్ ఫ్లూ వస్తుంది, చెట్టు కొట్టించెయ్యమని ఇంట్లో పోరుతున్నారు. కోళ్లు బాగానే ఉన్నాయి. దీనికి టీకా ఉందా? - ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు ఆ కాకుల సంగతి. ఇంకా అక్కడే ఉంటే వట్టి చేతులతో ముట్టుకోకండి. కుక్కలు లాక్కుపోకుండా పైన గంప బోర్లించి, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు గానీ 1962కు గానీ ఫోన్ చేయండి. పూడ్చేసినా సరే, చెప్పండి. కాకులు విషం తిని కూడా చస్తాయి. బర్డ్ ఫ్లూ అవునో కాదో భోపాల్‌లోని ప్రయోగశాలలో పరీక్ష చేస్తేనే తేలుతుంది.

చెట్టు మాత్రం కొట్టించకండి. నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉన్న మండలం మీది. గూడబాతుల (పెలికాన్ల) రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎంత బలమో మీ పెద్దలను అడిగితే చెబుతారు. పైగా గూళ్లు చెదిరిన పక్షులు ఇంకో ఇంటి పెరట్లో వాలతాయి. దానితో ఎవరికీ మేలు లేదు.

కొంగ వచ్చి కోడికి నేరుగా జబ్బు అంటించేది తక్కువ. వైరస్ ఎక్కువగా రెట్టలో ఉంటుంది. ఎండకు, వేడికి త్వరగా నశిస్తుంది గానీ చల్లటి నీళ్లలో రోజుల తరబడి బతుకుతుంది. అందుకే వలస పక్షులు పులికాట్ సరస్సులో దిగే చలికాలంలో మనకు భయమెక్కువ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లో, మరుసటి ఏడాది అదే నెలలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరుల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది.

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది ఒకటే: మీ కోళ్లు నీళ్లెక్కడ తాగుతున్నాయి? చెరువు గట్టునో, చెట్టుకింద కుంటలోనో అయితే ఈరోజే మాన్పించండి. బోరు నీళ్లో కుళాయి నీళ్లో పోసి, తొట్టిని కప్పు కింద పెట్టండి. నీళ్లు రోజూ మార్చి, తొట్టిని తోమి ఎండబెట్టాలి. నూకలు, తౌడు కూడా చెట్టుకింద చల్లకండి. మిగిలిన మేతకే కాకులు, పిచ్చుకలు వస్తాయి.

నవంబరు నుంచి మార్చి దాకా కోళ్లను దడి కట్టి లోపలే ఉంచితే మంచిది. పైన పాత చేపల వల రెండు మడతలు వేస్తే పక్షులు దూరవు. అయితే వల పక్షిని ఆపుతుంది గానీ రెట్టను ఆపదు. చెట్టుకు దూరంగా కట్టి, మేత, నీళ్లు ఉన్న చోట తాటాకో రేకో వేయండి. చెరువుకు వెళ్లొచ్చిన చెప్పులతో దడిలోకి వెళ్లకండి.

కోతలయ్యాక మళ్లలోకి తోలుకొచ్చే బాతుల మందలను చూసే ఉంటారు. బాతు పైకి ఆరోగ్యంగా ఉంటూనే వైరస్‌ను మోయగలదు. ఆ మళ్లలోకి మీ కోళ్లను వదలకండి. సంతలో కొన్న కోడినీ, పందెం నుంచి తిరిగొచ్చిన పుంజునూ మూడు వారాలు విడిగా కట్టేయండి.

ఇక టీకా. మన దేశంలో పెరటి కోళ్లకు బర్డ్ ఫ్లూ టీకా వేయడం లేదు. కొక్కెర తెగులుకు (రాణిఖెత్ జబ్బుకు) మాత్రం టీకా ఉంది. పల్లెల్లో ఏటా కోళ్లను ఊడ్చుకుపోయేది ఆ తెగులే. పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి, రెండు నెలలు దాటాక రెక్క కింద ఆర్‌టూబీ టీకా సూది. సూదికి వారం ముందు నట్టల మందు తాగించండి. టీకాను ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి.

హఠాత్తుగా రెండు మూడు కోళ్లు చచ్చినా, జుట్టు నీలంగా మారినా, తల వాచినా, మెడ తిరిగినా, ఆకుపచ్చగా పారినా వెంటనే కబురు చేయండి. బర్డ్ ఫ్లూనూ కొక్కెర తెగులునూ కంటితో చూసి విడదీయడం మాకే సాధ్యం కాదు. చావబోతోందని కోసుకు తినకండి, సంతకు పంపకండి. నష్టం మీదేనని తెలుసు, అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఆ కోడిని కోసే మనిషికీ బర్డ్ ఫ్లూ సోకగలదు. ఆరోగ్యంగా ఉన్న కోళ్ల గుడ్లు బాగా ఉడికించి పిల్లలకు నిశ్చింతగా పెట్టండి.