వానలో సైకిల్ జారుతోందా? టైర్లు మార్చే ముందు ఇవి చూడండి

మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తున్నానని, వానలు మొదలయ్యాక మలుపుల్లో వెనక చక్రం జారుతోందని, రిమ్ బ్రేకులు (చక్రం అంచుని రబ్బరు ప్యాడ్లతో పట్టి ఆపేవి) కూడా సరిగ్గా పట్టట్లేదని రాశారు. టైరు గాడులు అరిగిపోకపోతే కొత్తవి కొనక్కర్లేదు. ముందు గాలి చూడండి. 700×32 సైజు (32 మిల్లీమీటర్ల వెడల్పు) టైరులో గాలి ఒత్తిడి 80 పీఎస్ఐ ఉంటే 60-65కి దించండి, టైరు రోడ్డుకి ఇంకాస్త ఆనుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం గుంతలో పడ్డప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

తడి తారు కంటే జీబ్రా గీతల పెయింటు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుప పట్టీలు ఎక్కువ జారుస్తాయి. వేగం వాటికి ముందే తగ్గించుకోండి. వాటి మీద ఉన్నప్పుడు బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, సైకిల్ వంచొద్దు. ఇనుప పట్టీని ఏటవాలుగా కాకుండా సూటిగా దాటండి. సిగ్నళ్ల దగ్గర బళ్లు ఆగేచోట ఆయిల్ కారి ఉంటుంది. నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతుంటే అదే. చాన్నాళ్ల తర్వాత పడే మొదటి వాన అన్నిటికంటే ప్రమాదం, రోడ్డు బాగా కడిగేసేదాకా ఆగి బయల్దేరడం మేలు.

బ్రేకు సంగతి: రిమ్ము తడిగా ఉంటే మొదట ప్యాడ్లు నీళ్లు తుడుస్తాయి, పట్టు ఆ తర్వాతే వస్తుంది. అందుకే ఆగాల్సిన చోటికి చాలా ముందే రెండు బ్రేకులూ మెల్లగా ఆనించి, రిమ్ము తుడుచుకున్నాక బలం పెంచండి. కరకరమని చప్పుడొస్తోందంటే ప్యాడ్లో ఇసుక దిగినట్టే. చక్రం తీసి ప్యాడ్‌ని వెలుతురుకి పట్టి చూడండి, నల్ల రబ్బరులో మెరిసే రవ్వలు కనిపిస్తాయి. గుండుసూదితో ఒక్కొక్కటీ పీకేసి, పైన గరుకు కాగితంతో రుద్దండి. దీన్ని వదిలేస్తే ప్యాడ్ కాదు, రిమ్మే అరిగిపోతుంది, అది కొనడం ఖరీదు.

టోలిచౌకి వైపు నీళ్లు నిలిస్తే దిగి నడిపించుకుపోండి. కిందున్న గుంత, తెరిచిన మ్యాన్‌హోల్ కనపడవు. పైగా ఇరుసు మునిగిందంటే బేరింగుల్లో గ్రీజు పాడవుతుంది.

ఇంటికొచ్చాక గొలుసు పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది తుడిచేయండి. తడి ఆయిల్ మీద మట్టి అంటుకుంటే ఆకురాయిలా పనిచేస్తుంది. బాగా తడిసిన రోజు సీటు ఎత్తు దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టుకుని, సీటు పోస్టు తీసి సైకిల్ తలకిందులు చేయండి. ఫ్రేములోంచి కారే నీళ్లు చూశాక ఏ వానకీ ఈ పని మానరు.