కొసమెరుపు దాచి సలహా అడగకండి

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం ఒకే కల్పిత లోకంలో హారర్ కథలు రాస్తున్నాం. ఎవరి కథ వారిదే, లోకం మాత్రం ఉమ్మడి. ఒక కార్యాలయంలో హాజరు పట్టీ చూసే ఉద్యోగినికి రోజూ మనుషులకంటే ఒక సంతకం ఎక్కువ కనిపిస్తుంది. ఇదీ నా ఆలోచన. మిత్రులకు చెబితే ‘బాగుంది, రాసెయ్’ అన్నారు. ముగింపు మాత్రం చెప్పలేదు, చదివేటప్పుడు థ్రిల్ పోతుందని. ఆ ముగింపు ఇదీ: అదనపు సంతకం ఆ ఉద్యోగినిదే, ఆమె ఎప్పుడో చనిపోయింది, అందుకే తనను లెక్కలో వేసుకోవడం లేదు. కథంతా రాసి చూపిస్తే ఒక్కరూ భయపడలేదు, పైగా ఒకరు నవ్వారు. రాయకముందే అభిప్రాయం అడగడం వల్ల అసలు లాభం ఉందా?

జవాబు: ఆ నవ్వినవారికి ముందు ధన్యవాదాలు చెప్పండి. ముగింపు చదవగానే ఆయనకు పరమానందయ్య శిష్యులు గుర్తొచ్చి ఉంటారు. ఏరు దాటి, ఎవరికి వారు తమను మరిచిపోయి తలలు లెక్కపెట్టి, ఒకడు మునిగిపోయాడని ఏడ్చినవాళ్లు. మీ ఉద్యోగిని చేసిందీ అదే. ఆమె చనిపోయిందన్న సంగతి ఆ హాస్యాన్ని కప్పలేకపోయింది. ముగింపును ముందే నోటిమాటగా చెప్పి ఉంటే ఈ నవ్వు అప్పుడే వచ్చేది, కథంతా రాసే శ్రమ మిగిలేది.

అంటే అభిప్రాయం అడగడంలో లోపం లేదు, మీరు సగమే చెప్పి అడిగారు. ఒక సంతకం ఎక్కువ ఉండటం ఎత్తుగడ మాత్రమే, కథాబీజం (ముగింపుతో సహా కథ సారం) కాదు. ఎత్తుగడ వింటే ఎవరైనా ‘బాగుంది’ అంటారు, ఎందుకంటే మిగతా కథను వాళ్లు మనసులో తమకు నచ్చినట్టు అల్లుకుంటారు. వాళ్లు మెచ్చుకున్నది వాళ్ల కథను. కొసమెరుపుతో సహా విన్నవాళ్లే మీ కథ గురించి మాట్లాడగలరు.

థ్రిల్ పోతుందన్న మీ బెంగ నిజమైనదే. దానికి మందు మీ నలుగురిలోనే ఉంది. ఇద్దరికి మొత్తం చెప్పండి, మూడోవారికి ఒక్క ముక్క కూడా చెప్పకండి. ఇద్దరూ కథాబీజాన్ని పరీక్షిస్తారు, మూడోవారు చిత్తుప్రతిని ఏమీ తెలియని పాఠకుడిగా చదువుతారు. తర్వాతి కథకు ఆ పని మరొకరికి అప్పగించండి.

చెప్పడం కూడా ఐదారు వాక్యాల్లో ముగించాలి. ఎవరికి జరుగుతోంది, ఆ మనిషి దేనిని పోగొట్టుకోబోతోంది, చివరికి ఏమవుతుంది, దీనివల్ల మీ ఉమ్మడి లోకంలో ఏది మారుతుంది. వాతావరణం, పాడుబడిన గోడలు, రాత్రి చప్పుళ్లు వద్దు. (నాకు వచ్చే కథాబీజాల్లో సగం వర్షంతో మొదలవుతాయి. వర్షం ఎవరినీ భయపెట్టదు.) చెప్పాక ‘బాగుందా?’ అని మాత్రం అడగకండి, స్నేహితులు ఆ ప్రశ్నకు అబద్ధమే చెబుతారు. ముగింపు ఎక్కడ పసిగట్టారో, విన్నాక ఏ సందేహం మిగిలిందో అడగండి. ఉమ్మడి రచన కాబట్టి ఇంకొకటి తప్పనిసరి: మనం ఒప్పుకున్న నియమం ఏదైనా ఇందులో విరిగిందా? మీ లోకంలో చనిపోయినవారు వస్తువులను తాకలేరని ఇంకొకరు ఇప్పటికే రాసి ఉంటే, మీ ఉద్యోగిని కలం ఎలా పట్టుకుంది?

ఉమ్మడి హారర్‌లో ఇదేమీ కొత్త పద్ధతి కాదు. వింత వస్తువులను బంధించి ఉంచే ఒక కల్పిత సంస్థ నివేదికలుగా సాగే ఎస్‌సీపీ ఫౌండేషన్ అనే ఆన్‌లైన్ ఉమ్మడి రచననే చూడండి. 2007లో ఒక అనామక రచనతో మొదలై, ఎందరెందరో రాయగా వేల కథనాలకు పెరిగింది. అక్కడ చిత్తుప్రతిని పరిశీలనకు ఇచ్చేముందు కథాబీజానికి ఇద్దరు సమీక్షకుల సమ్మతి తెచ్చుకునే పద్ధతి నడిచింది. కారణం తేలిగ్గానే ఊహించవచ్చు. ఆరు వాక్యాలను వదులుకోవడం సులభం, అంతా రాసేశాక రచయిత ప్రతి పేరానూ వెనకేసుకొస్తాడు.

మీ కథాబీజం మాత్రం పారేయాల్సినది కాదు. ఆమె చనిపోయిందన్నది చివర నుంచి తీసి మొదటి పేరాలో పెట్టండి. ఆ సంగతి ఆమెకు తెలుసు. రోజూ వచ్చి సంతకం పెడుతుంది, ఎందుకంటే ఆ పట్టీలో తప్ప ఆమె పేరు ఇంకెక్కడా మిగల్లేదు. ఇప్పుడు లెక్క తేడాను సహించలేని కొత్త గుమాస్తా ఒకడు చేరాడు, చేతిలో ఎర్ర సిరా కలం. మంచివాడు, పనిమంతుడు. ఇది మీ మిత్రులకు చెప్పి చూడండి. ఎవరూ నవ్వరనుకుంటాను.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. కథాబీజం విన్నవారు ‘ఇది పనికిరాదు’ అని చెప్పగలరు గానీ ‘ఇది భయపెడుతుంది’ అని చెప్పలేరు. భయం వాక్యాల నడకలో పుడుతుంది, అది చిత్తుప్రతిలోనే తేలాలి. విన్న ఇద్దరూ ఊ కొట్టారు కదా అని ధీమాగా ఉండకండి.

ప్రశ్న: నా ఆలోచన ముందే చెబితే బృందంలో ఎవరైనా వాడేసుకుంటారేమో?

జవాబు: వాడుకోవచ్చు. కాపీరైటు రాసిన రూపానికి ఉంటుంది, ఊహకు ఉండదు. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర ఆంగ్ల కవి బైరన్ తన అతిథులతో తలా ఒక దయ్యం కథ రాద్దామన్నాడు. తాను కాస్త రాసి వదిలేశాడు. ఆ ముక్కను ఆధారం చేసుకుని అతని వైద్యుడు పోలిడోరి ఒక రక్తపిశాచి కథ రాశాడు. 1819లో అది అచ్చయినప్పుడు రచయితగా పడింది బైరన్ పేరు! ఊహ ఇచ్చినవాడూ రాసినవాడూ ఇద్దరూ ఫిర్యాదు చేయాల్సి వచ్చింది.

అదే సమావేశంలో ఉన్న పద్దెనిమిదేళ్ల మేరీ (తర్వాత మేరీ షెల్లీ) అనుభవం వేరు. ఆమె ముందు చిన్న కథే అనుకుంది, విన్న కవి పెర్సీ షెల్లీ, తర్వాత ఆమె భర్త, పెంచి రాయమని పట్టుబట్టాడు. 1818లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అదే. చెప్పకుండా దాచుకుని ఉంటే కొన్ని పేజీల కథగా మిగిలేదేమో. కథాబీజాలను తేదీ, పేరు వేసి ఉమ్మడి నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరి ఊహ ఎవరు వాడినా పేరు చెప్పాలని మొదటిరోజే ఒప్పుకోండి.

ప్రశ్న: మా ఉమ్మడి లోకంలో స్నేహితురాలు సృష్టించిన పాత్రను నా కథలో చంపాలనుంది. రాసి చూపించాక ఒప్పించవచ్చా?

జవాబు: వద్దు, రాయకముందే అడగండి. కుర్ర రచయిత రాబర్ట్ బ్లాక్ తన కథలో అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్‌ను పోలిన మనిషిని చంపదలచి ఆయన అనుమతి కోరాడు. లవ్‌క్రాఫ్ట్ 1935లో లిఖితపూర్వకంగా ఒప్పుకుంటూ, తమ కథల్లో వచ్చే కల్పిత గ్రంథాల కల్పిత రచయితలు మొదలైనవారిని సాక్షులుగా చూపించాడు. ఆ తర్వాత బ్లాక్‌ను పోలిన యువకుణ్ని తన కథలో చంపి బాకీ తీర్చుకున్నాడు. మీ స్నేహితురాలు కూడా బదులు అడగవచ్చు. ఏ పాత్రను ఇవ్వగలరో ముందే చూసుకుని వెళ్లండి.