చర్య, ప్రతిచర్య సమానమైతే గుర్రం బండి అసలెలా కదులుతుంది?
రెండు బలాలూ సమానమే, దిశలు కూడా ఎదురెదురే, కానీ రెండూ ఒకే వస్తువు మీద పనిచేయవండి, అందుకే ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. న్యూటన్ 1687 నాటి తన ప్రిన్సిపియా అనే పుస్తకంలో తనే చెప్పాడు, తాడు కట్టి గుర్రం రాయిని లాగితే రాయి కూడా గుర్రాన్ని అంతే బలంతో వెనక్కి లాగుతుందని. మరి కదిలేదెలా అంటే, రాయి లెక్క వేరు, గుర్రం లెక్క వేరు, రాయి బదులు బండి ఉన్నా ఇంతే. తాడు లాగుడు నేల రాపిడిని మించితే రాయి కదులుతుంది, అంతే. గుర్రమేమో గిట్టలతో నేలని వెనక్కి తంతుంది, నేల దాన్ని ముందుకి నెడుతుంది, ఆ నెట్టుడు తాడు వెనక్కి లాగేదానికంటే ఎక్కువుంటే చాలు. పుస్తకాల్లో ఒక్క లైన్లో తేల్చేయడం వల్లే ఈ కన్ఫ్యూజన్ అని నా ఫీలింగ్. గుర్రం కాళ్ల కింద మాత్రమే నున్నటి ఐసు ఉందనుకోండి, ఎంత బలమున్నా గిట్టలు జారడమే తప్ప రాయి అంగుళం కూడా కదలదు.