క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లాడికి బైబిల్ వాక్యం ఎలా చెప్పాలి?

గుంటూరు బ్రదర్ గారు అడిగింది ఇదీ: తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒకరు నిద్రపోతారు, ఒకరు దిక్కులు చూస్తారు. బాబుకి ధ్యాసంతా క్రికెట్ మీదే. ఇంటి పనుల్లో, ఆటల్లో విశ్వాసం నేర్పడం కుదురుతుందా అని.

కుదురుతుందండీ. ముందు ప్రార్థన వేళ మార్చండి. తొమ్మిదిన్నరకి అన్నం తిన్నాక కూర్చోబెడితే ఏ పిల్లలైనా జోగుతారు. భోజనానికి ముందు ఏడెనిమిది నిమిషాలు చాలు: ఒక పాటలో పల్లవి, చరణం, నాలుగైదు వచనాలు, ఒక్క ప్రశ్న, ఒక్కొక్కరూ ఒక్క వాక్యం ప్రార్థన. కళ్ళు మూసుకుని "ప్రభువా, వీడు లెక్కల్లో తప్పాడు, మాట వినడం లేదు" అని దేవుడి ముందు పిల్లాణ్ణి తిట్టే అలవాటు మన ఇళ్ళలో చాలా ఉంది. అది ప్రార్థన కాదని పాపకి కూడా తెలుస్తుంది. అల్లరి చేస్తే శిక్షగా కంఠత వాక్యం ఇవ్వడమూ అంతే, వాక్యమంటే ఇంపోజిషన్ అనుకుంటారు.

మిగతాదంతా ఎలాగూ జరిగే పనులకి తగిలించాలి. పాపకి వంటిల్లు బాగుంటుంది. మత్తయి 13:33లోని పులిసిన పిండి ఉపమానానికి మన ఇడ్లీ పిండి చాలు. గ్లాసు మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల రవ్వ కడిగి పిండి కలపండి. అందులో కొంచెం గాజు సీసాలో సగం దాకా పోసి, మట్టం దగ్గర పాప చేత రబ్బరు బ్యాండు వేయించండి. మే నెలలో ఐదారు గంటల్లో పొంగుతుంది, డిసెంబరులో రాత్రంతా పడుతుంది. ఆ కథలో పాత పిండి ముద్ద కలిపారు, మన పిండి దానంతటదే పులుస్తుంది. ఆ తేడా కూడా చెప్పేయండి. లోపల ఏం జరిగిందో మీరు చెప్పొద్దు, అడగండి. ఆవగింజ ఉపమానమైతే నవంబరులో కుండీలో చల్లండి, మూడు నాలుగు రోజుల్లో మొలుస్తుంది. ఎండాకాలం చల్లితే మాడిపోతుంది. ఆ కథలోలాగా మన ఆవ మొక్క చెట్టంత అవుతుందని మాత్రం చెప్పకండి. అవ్వదు, పాప మర్చిపోదు.

ఇక క్రికెట్. గల్లీ ఆటలో బ్యాటింగ్ చేసే జట్టువాడే అంపైర్ కదా. విశ్వాసం నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. తన జట్టు బ్యాటింగప్పుడు బాబునే అంపైరుగా నిలబడమనండి. బంతి బ్యాటుకి రాసుకుని కీపర్ చేతిలో పడింది, తనకొక్కడికే వినబడింది. అవుటంటే సొంత జట్టు తిడుతుంది. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అన్న మత్తయి 5:37 అర్థమయ్యేది అక్కడే. ఆటకి వెళ్ళేముందు ఒక్క సంగతే చెప్పండి, అరనిమిషంలో: ఈరోజు నిజం, రేపు కోపం, ఎల్లుండి బ్యాటింగ్ వంతు దొరకనివాడు. వచ్చాక గుమ్మంలోనే అడగొద్దు. ఓడిన పిల్లాడు నీళ్ళు తాగి స్నానం చేశాక, "ఎంత కొట్టావు" అనకుండా "ఈరోజు బ్యాటింగ్ వంతు ఎవరికి రాలేదు" అనండి. మురుక్కాలవలో బంతి పడ్డ ప్రతిసారీ ఒక్కడే తెస్తుంటాడు, వాడి పేరు అడగండి. మొదటివాడు కావాలంటే అందరికీ సేవకుడు కావాలనే మార్కు 9:35 ఆ పేరు దగ్గర చదవాలి.

మ్యాచ్ ముందు "మావాణ్ణి గెలిపించు" అని ప్రార్థించకండి. ఓడితే దేవుడు వినలేదనుకుంటాడు. దెబ్బలు తగలకూడదని, నోరు జారకూడదని అడగండి. మీరు బౌండరీ దగ్గర నిలబడి అంపైర్ మీద అరిస్తే మాత్రం పై పేరా అంతా వృథా.

1 కొరింథీయులకు 9:24-27 ఆటగాళ్ళ పిల్లలకి బాగా పడుతుంది. కొరింథు దగ్గర ఇస్త్‌మియా క్రీడలు రెండేళ్ళకోసారి జరిగేవి, గెలిచినవాడికి ఆకుల కిరీటం. వేప రెబ్బలతో ఒకటి అల్లి పిల్లాడి నెత్తిన పెట్టండి. మర్నాటికి వాడిపోతుంది. "క్షయమగు కిరీటము" ఏమిటో వాడే చెబుతాడు.

విజయవాడ పున్నమి ఘాట్ నుంచి కృష్ణలోని భవానీ ద్వీపానికి పడవెక్కితే, యేసు పడవలో తుఫానును ఆపిన కథ (మార్కు 4:35-41) అక్కడే చెప్పండి. లైఫ్ జాకెట్ వేసుకున్నాకే.

ఆదివారం మ్యాచ్‌లు అసలు చిక్కు. ఆరాధన వేళ బాబు రాడని కోచ్‌కి చేర్చిన రోజునే చెప్పాలి, శనివారం రాత్రి కాదు. మీ సంఘంలో తెల్లవారుజాము ఆరాధన ఉంటే సగం గొడవ తీరుతుంది. స్కాట్లాండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ సంగతి పిల్లలకి పూర్తిగా చెప్పండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారమని కొన్ని నెలల ముందే తెలిసి, మానుకుని 400కి సాధన చేశాడు. 47.6 సెకన్లలో స్వర్ణం, 200లో కాంస్యం. అక్కడితో ఆపితే "ఆదివారం మానితే దేవుడు మెడలిస్తాడు" అన్న బేరం మిగులుతుంది. తర్వాత చైనాకి మిషనరీగా వెళ్ళి, యుద్ధకాలంలో జపాన్ నిర్బంధ శిబిరంలో పిల్లలకి ఆటలు నడిపి, 1945లో అక్కడే చనిపోయాడని కూడా చెప్పండి. పరుగు కంటే ఆ శిబిరం గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి.

చివరిగా, వీధిలో ఆడే పిల్లల్లో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. బ్యాటు, బంతి మీవి కదా అని అందరిచేతా ప్రార్థన చేయించకండి. మీవాడు తనలో తాను చేసుకుంటే చాలు. వాళ్ళని క్రిస్మస్‌కి పిలవాలనుకుంటే, వాళ్ళ ఇంటికెళ్ళి అమ్మానాన్నల్నే పిలవండి.