మొత్తం వోల్టేజీని నమ్మకు

చిరంజీవికి ఆశీస్సులు.

మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ప్యాక్ 11.4 వోల్టులు చూపిస్తోంది, మోడల్ విమానాన్ని ఇంకోసారి ఎగరేయవచ్చా అని అడిగావు. ఆ ఒక్క అంకె చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. మూడు సెల్లులూ 3.8 చొప్పున ఉన్నా 11.4 వస్తుంది. రెండు 4.0 ఉండి, మూడోది 3.4కు పడిపోయినా అంతే వస్తుంది. ఇలా ఒక సెల్ పడిపోయిన ప్యాక్‌తో ఎగరేస్తే నీరసపడిన సెల్ గాలిలో ఉండగానే 3 వోల్టుల కిందికి పోతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ చూసేది మొత్తాన్నే కాబట్టి దానికి ఆ సంగతి తెలియదు. అందుకే ఒక్కో సెల్ తీగా విడిగా వచ్చే బ్యాలెన్స్ కనెక్టరు దగ్గర ఒక్కో సెల్‌నూ విడిగా కొలవాలి.

ఛార్జింగ్‌లో సెల్‌కు 4.20 గరిష్ఠం. అది దాటితే లోపల వాయువు పుట్టి ప్యాక్ ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే, అంటే సెల్లులన్నిటినీ సమంగా నింపే పద్ధతిలోనే పెట్టు. 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు చాలు. 4.2 చేరాక ఛార్జర్ కరెంటును మెల్లగా తగ్గిస్తూ పోతుంది, ఆ చివరి భాగమే విసుగు పుట్టిస్తుంది. ఓపిక పట్టు, గదిలోనే ఉండు.

వాడేటప్పుడు 3.0 వరకు వెళ్లవచ్చని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. సెల్ 3.6 దాకా నింపాదిగా దిగుతుంది, ఆ తర్వాత జారుడుబల్లే. దింపి కాసేపు ఆగి కొలిస్తే 3.7 దగ్గర ఉండేలా టైమరు పెట్టుకో.

ఏదైనా సెల్ 2 వోల్టులకు పడితే ఛార్జర్ దాన్ని తీసుకోదు. అప్పుడు ఛార్జర్‌ను నికెల్ బ్యాటరీల మోడ్‌లో పెట్టి కాస్త లేపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకు! అంత లోతుకు దిగిన సెల్‌లో రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఆ ప్యాక్ పని అయిపోయినట్టే.

ఛార్జర్‌లో బ్యాటరీ రకం ప్రతిసారీ సరిచూసుకో. లైఫ్ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి గరిష్ఠం సెల్‌కు 3.6 చిల్లర మాత్రమే, లైపో సెట్టింగులో పెడితే ఓవర్‌ఛార్జ్ అవుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ అయితే, వాడేటప్పుడు ఒక వోల్టుకు దిగగానే ఆపితే సరిపోతుంది.

నిండుగా ఛార్జ్ చేశాక వాన పట్టుకుందా? ఆ ప్యాకులను అలాగే వారాల తరబడి ఉంచకు. ఒకటి రెండు రోజుల్లో స్టోరేజ్ మోడ్‌లో పెట్టి, సెల్‌కు 3.8 దగ్గరికి దింపెయ్.