గోరంత విమానానికి ఎంత రంగు?

ప్రశ్న: 1/300 స్కేలు (అసలుదానిలో మూడొందలో వంతు) లోహపు స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల మోడళ్ళు ఆరు తెచ్చి చేత్తో రంగులు వేస్తున్నాను. 1940 నాటి డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ రంగులే కావాలని వెతికి మరీ సంపాదించాను. ఐదు పూర్తయ్యాయి. బల్ల మీద పెట్టి చూస్తే ఐదూ నల్లటి ముద్దల్లా ఉన్నాయి. ఇక రెక్కల మీది గుండ్రటి గుర్తుల సంగతి చెప్పక్కర్లేదు. ఆరోది ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) దగ్గరే ఆపేశాను. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఈ ఆరోదాని కోసమైతే అసలే వద్దు.

మీరు తెచ్చిన రంగులు సరైనవే. కాకపోతే అవి అసలు విమానానికి సరైనవి. స్పిట్‌ఫైర్ రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. మీ చేతిలో ఉన్నది 37 మిల్లీమీటర్లు. దాన్ని అడుగు దూరంలో పెట్టుకుని చూస్తున్నారంటే, అసలు విమానాన్ని 90 మీటర్ల అవతల నుంచి చూస్తున్నట్టు లెక్క. అంత దూరంలో ఏ రంగైనా కాస్త వెలిసినట్టే కనబడుతుంది. పైగా మీరు దాని మీద నల్లటి వాష్ (గాడుల్లోకి పారేలా పల్చగా కలిపిన రంగు) కూడా పోసి ఉంటారని నా అనుమానం. మొదట్లో అందరం పోసినవాళ్ళమే.

నేనైతే నాలుగు చుక్కల రంగుకు ఒక చుక్క లేత ఇసుక రంగు కలుపుతాను. ఉత్త తెలుపు కలిపితే ఆకుపచ్చ సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది. కలిపిన రంగు మూతలో చూసినప్పుడు ‘అయ్యో, మరీ లేతైపోయిందే’ అనిపించాలి. వాష్ నలుపు వద్దు, బాగా పల్చటి ముదురు గోధుమ రంగు చాలు. దాన్ని మొత్తం ముంచెత్తకుండా రెక్క, ఒడలు కలిసే చోట, రెక్క వెనక కదిలే పలకల గీతలో మాత్రం బ్రష్ కొనతో ఆనించండి. తడి ఆ గాడి వెంట తనంతట తానే పాకుతుంది.

ఎయిర్‌బ్రష్ ఎందుకు వద్దన్నానో కూడా చెబుతాను. అసలు విమానం మీద రెండు రంగులు కలిసే చోట అంచు ఐదు సెంటీమీటర్ల మేర మెత్తగా ఉందనుకుందాం. మీ మోడల్ మీద అది 0.2 మిల్లీమీటర్లు కూడా ఉండదు, అంటే కంటికి ఆనదు. అదే ఎయిర్‌బ్రష్‌తో ఒకటిన్నర మిల్లీమీటరు మెత్తటి అంచు వచ్చిందా, అసలు కొలతలో 45 సెంటీమీటర్లు! ఈ సైజులో బ్రష్‌తో గీసిన అంచే నిజానికి దగ్గర.

బ్రష్ కూడా మరీ సన్నం వద్దు. మూడు సున్నాల బ్రష్ కొని నేను నెల రోజులు తిట్టుకున్నాను. అది పట్టుకునే రంగే చీమ తలంత, మోడల్‌కు తగిలేలోపే కొనలో ఎండిపోయేది. సున్నా నంబరుదో ఒకటో నంబరుదో, కొన సూదిలా ఉండేది తీసుకోండి. ఆ కొన కోసం బ్రష్ నోట్లో పెట్టుకునే అలవాటుంటే మాత్రం ఈరోజే మానేయండి, కొన్ని రంగుల్లో కాడ్మియం ఉంటుంది.

ఇక గుండ్రటి గుర్తులు. పై రెక్కల మీద నీలం, మధ్యలో ఎరుపు, అంతే. టూత్‌పిక్ కొనను బ్లేడుతో అడ్డంగా కోసి, నీలంలో ముంచి, ఒకసారి కాగితం మీద అద్ది, అప్పుడు రెక్క మీద నిట్టనిలువుగా ఆనించి తీయండి. రుద్దొద్దు. పూర్తిగా ఆరాక ఇంకా సన్నటి కొనతో ఎరుపు. నీలం వంకరపోతే దాన్ని దిద్దకండి, చుట్టూ ఉన్న ఆకుపచ్చతో అంచును లోపలికి కోసేయండి. గుండ్రం అలాగే వస్తుంది. ఒడలు పక్కన ఉండేదే అసలు టెన్షన్: పసుపు, నీలం, తెలుపు, ఎరుపు. అసలుది 35 అంగుళాలు, మీది మూడు మిల్లీమీటర్లు, నడిమి ఎరుపు అందులో ఏడో వంతు. అక్కడ తెలుపును కొంచెం పెద్దదిగా వేసి మోసం చేయండి, లేకపోతే ఎరుపూ నీలమూ కలిసి వంకాయ రంగు చుక్కలా కనిపిస్తుంది.

ఆ ఐదింటినీ గీకి పారేయకండి. బ్రష్‌ను ఇసుక రంగులో ముంచి, దాదాపు ఆరేదాకా గుడ్డకు తుడిచి, రెక్కల ముందంచుల మీద తేలిగ్గా ఆడించండి. సగం నలుపు అక్కడే విరుగుతుంది.

ప్రశ్న: 1/600 స్కేలు విమానాల మీద, 1944లో మిత్రదళాలు నార్మండీ తీరంలో దిగిన నాటి నలుపు తెలుపు చారలు వేయడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. ఒంటి ఇంజన్ విమానాలకు ఒక్కో చార 18 అంగుళాలు, అంటే మీ మోడల్ మీద 0.76 మిల్లీమీటర్లు. ఐదు చారలు విడివిడిగా గీయబోతే కుదరదు. దాదాపు నాలుగు మిల్లీమీటర్ల పట్టీ మొత్తం మాసిన తెలుపు వేసి, ఆరాక దాని మీద ముదురు బూడిద రంగుతో రెండే గీతలు గీయండి. కాస్త వంకరొస్తే భయపడకండి, 1944 జూన్ మొదట్లో హడావుడిగా బ్రష్‌లు పట్టి వేసిన సిబ్బంది చారలూ చాలా ఫోటోల్లో వంకరగానే ఉన్నాయి.

ప్రశ్న: మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేశాక మోడల్ అంతా తెల్లగా మంచు పట్టినట్టైంది. రంగు పోయినట్టేనా?

జవాబు: బయట ముసురు పట్టి ఉందా? గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు స్ప్రే చేస్తే ఇలాగే అవుతుంది. మూడు వారాలు కూర్చుని వేసిన బాంబర్‌ను వానాకాలం సాయంత్రం ఒక్క స్ప్రేతో నేనూ ఇలాగే చేసుకున్నాను. బాగా ఆరాక దాని మీద మెరిసే (గ్లాసీ) వార్నిష్ బ్రష్‌తో పల్చగా పూయండి, చాలావరకు తెలుపు కరిగి రంగు పైకి తేలుతుంది. తర్వాత మ్యాట్ కూడా బ్రష్‌తోనే పూసుకోండి. నా బాంబర్‌కు తోక దగ్గర ఇప్పటికీ కొంచెం మంచు ఉంది.